కెమిస్ట్రీలో తరచుగా అడిగే ప్రశ్నలు: టెన్త్, ఇంటర్, ఎప్‌సెట్ పిల్లల కోసం

హైదరాబాద్ విద్యానగర్‌లో సాయంత్రం పూట పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. ఏటా బ్యాచ్ మారుతుంది గానీ డౌట్లు మారవు. జూన్‌లో ఒకరు అడిగిందే డిసెంబరులో ఇంకొకరు అడుగుతారు, పరీక్షకు ముందు రాత్రి ఫోన్ చేసి మరొకరు అడుగుతారు. అందుకని ఆ ప్రశ్నలన్నీ పిల్లల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీకు ఏది అడ్డం పడిందో అది చూసుకుని వెళ్లిపోవచ్చు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఏమిటంటే, సగం డౌట్లు పదం దగ్గరే పుడతాయి. పదాన్ని విప్పి చూస్తే చాలాసార్లు జవాబు అందులోనే దొరుకుతుంది. అందుకే పదాలతో మొదలుపెట్టాను.

## పదాల దగ్గరే ఆగిపోయినవాళ్లకు

అణువు, పరమాణువు ఒకటేనా మేడమ్? పేపర్లో అణుబాంబు అంటారు కదా, అక్కడ అణువు అంటే ఏది?

ఒకటి కాదు. పరమాణువు అంటే ఆటమ్. పరమాణువులు బంధంతో కలిసి ఒక్కటిగా ఉంటే అది అణువు, అంటే మాలిక్యూల్. ఒక నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. చిక్కు తెచ్చింది మన వాడుకే. అణుబాంబు, అణువిద్యుత్తు అని పత్రికల్లో రాసేచోట అణు అంటే ఆటమ్ అనే అర్థం. అక్కడ చీలేది పరమాణువు నడుమ ఉన్న కేంద్రకం. మాలిక్యూల్‌కు దానితో సంబంధం లేదు. మన ఈసీఐఎల్ పక్కన ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ను అణు ఇంధన సంస్థ అన్నా అర్థం అదే. పరీక్ష పేపర్లో మాత్రం పాఠ్యపుస్తకం అర్థమే తీసుకోండి. హీలియం, నియాన్ లాంటి జడవాయువులు బంధం లేకుండా ఒంటరిగా ఉంటాయి కాబట్టి వాటి అణువులో ఒక్క పరమాణువే ఉంటుంది. దీని మీద ఒక మార్కు ప్రశ్న తరచుగా వస్తుంది.

మా తాతయ్య ఆక్సిజన్‌ను ఆమ్లజని అంటారు. ఈ పాత పేర్లు తెలుసుకుంటే ఏమైనా లాభమా?

పరీక్షలో రాయడానికి కాదు, గుర్తుంచుకోవడానికి చాలా లాభం. ఉదకం అంటే నీరు. నీటిని పుట్టించేది ఉదజని. హైడ్రోజన్ మండితే వచ్చేది నీరే కదా. కార్బన్ డయాక్సైడ్‌ను పెద్దవాళ్లు బొగ్గుపులుసు వాయువు అనేవారు. బొగ్గు కాలితే వస్తుంది, నీళ్లలో కరిగితే పుల్లగా ఉంటుంది. సోడా తాగినప్పుడు నాలుక మీద తగిలే పులుపు కార్బానిక్ ఆమ్లానిదే. ఇప్పుడు ‘కార్బన్ డయాక్సైడ్ ఆమ్ల ఆక్సైడా, క్షార ఆక్సైడా?’ అని అడిగితే పేరులోనే జవాబు ఉంది.

ఆమ్లజని కథ వేరు. ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉంటుందని నమ్మి లెవోయిజర్ 1777లో ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. ఆ గ్రీకు పేరుకు అర్థం ఆమ్లాన్ని పుట్టించేది అని. మనవాళ్లు దాన్నే తెలుగు చేసుకున్నారు. కానీ ఆ నమ్మకం తప్పు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని తేల్చాక ఆ సంగతి బయటపడింది. ఆమ్లానికి ఆమ్ల గుణం ఇచ్చేది నీళ్లలో అది విడిచే హైడ్రోజన్ అయాన్. కాబట్టి ఈ ఒక్క పేరును మాత్రం నమ్మకండి.

క్షయం అంటే తగ్గడం కదా. ఎలక్ట్రాన్లు వచ్చి చేరితే దాన్ని క్షయకరణం అని ఎలా అంటారు?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. అడిగిన ప్రతి పిల్లా పిల్లాడూ నిజంగా ఆలోచిస్తున్నారని అర్థం. ఎలక్ట్రాన్‌ది రుణావేశం. రుణం అంటే అప్పు. ఇంటికి అప్పు వచ్చి చేరితే ఆస్తి తగ్గుతుంది. అలాగే +3 ఆవేశమున్న ఇనుము అయాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుంటే +2 అవుతుంది. పెరిగింది ఎలక్ట్రాన్లు, తగ్గింది ఆక్సీకరణ సంఖ్య. క్షయం అనేది ఆ సంఖ్యకు వర్తించే మాట.

ఎలక్ట్రాన్ సంగతి తెలియక ముందు నుంచే ఈ మాట ఉంది. ముడిఖనిజం నుంచి ఆక్సిజన్ తీసేస్తే బరువు తగ్గి లోహం మిగులుతుంది. శుద్ధమైన హెమటైట్ 160 గ్రాములు తీసుకుంటే వచ్చే ఇనుము 112 గ్రాములే. ఆ తరుగుదలను చూసి పెట్టిన పేరు అది. ఆక్సిజన్ పోవడం, హైడ్రోజన్ చేరడం, ఎలక్ట్రాన్ చేరడం అనే మూడు నిర్వచనాలనూ ఆక్సీకరణ సంఖ్య తగ్గడం అనే ఒక్క కొలతతో సరిచూసుకోవచ్చు.

టెన్త్ తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్ ఇంగ్లిష్ మీడియం. క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. నేను ఎంపీసీ మానేయాలా?

మానేయొద్దు. మీకు విషయం తెలుసు, దాని ఇంకో పేరు ఇంకా తెలియదు, అంతే. ఒక నోటుబుక్కు తీసుకుని ఎడమవైపు తెలుగు పదం, కుడివైపు ఇంగ్లిష్ పదం రాయండి. సంయోజకత పక్కన వేలన్సీ, సమయోజనీయ బంధం పక్కన కోవలెంట్ బాండ్, రుణవిద్యుదాత్మకత పక్కన ఎలక్ట్రోనెగటివిటీ, ఉత్ప్రేరకం పక్కన కేటలిస్ట్, సమతాస్థితి పక్కన ఈక్విలిబ్రియం, ప్రమేయ సమూహం పక్కన ఫంక్షనల్ గ్రూప్. పాఠానికి పది పదాల చొప్పున రాసుకుంటే మొదటి సంవత్సరం పదాలు దసరా సెలవుల్లోపు చేతికొస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి. సమయోజనీయం అనే మాటలో సమంగా కలుపుకోవడం ఉంది. ఎలక్ట్రాన్ జంటను ఇద్దరూ పంచుకుంటారని మీకు ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ పేరు ఒక్కటే తెలిసిన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

## పరమాణువు లోపల, ఆవర్తన పట్టిక మీద

సోడియం పేరులో లేని అక్షరాలు దాని గుర్తులో (Na) ఎందుకున్నాయి?

గుర్తు లాటిన్ పేరు నుంచి వచ్చింది. సోడియం నేట్రియం, పొటాషియం కేలియం, ఇనుము ఫెర్రమ్, బంగారం ఆరమ్, వెండి అర్జెంటమ్. సీసం పేరు ప్లంబమ్. ఒకప్పుడు నీటి గొట్టాలు సీసంతో చేసేవారు కాబట్టి ఆ పనివాడు ప్లంబర్ అయ్యాడు. ఇలా ఇంగ్లిష్ పేరుతో కలవని గుర్తులు మొత్తం 11. మిగతావి రాగి, తగరం, ఆంటిమొనీ, పాదరసం, టంగ్‌స్టన్. టంగ్‌స్టన్ గుర్తు మాత్రం వుల్ఫ్రమ్ అనే పేరు నుంచి వచ్చింది.

118 మూలకాలూ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. మొదటి 30 మూలకాలు వరసగా, 1, 2, 13 నుంచి 18 వరకు గ్రూపులు నిలువుగా వస్తే ఇంటర్‌కు, ఎప్‌సెట్‌కు చాలావరకు సరిపోతుంది. పట్టికను బట్టీ పట్టాల్సిన జాబితాలాగా చూడకండి. 1869లో మెండలీవ్ దగ్గర ఉన్నవి 63 మూలకాలే. ధర్మాలు ఎక్కడ తిరిగి వస్తున్నాయో చూసి, సరిపోనిచోట గళ్లు ఖాళీగా వదిలి, అక్కడికి రాబోయే మూలకం ఎలా ఉంటుందో ముందే చెప్పాడు. 1875లో గాలియం, 1886లో జెర్మేనియం దొరికి ఆ గళ్లలో కూర్చున్నాయి. మీరూ అదే చేయండి. ఒక గడిని మూసి, పైనున్నదాన్నీ కిందున్నదాన్నీ చూసి, మూసిన మూలకం లోహమో కాదో, సంయోజకత ఎంతో ఊహించండి. పది రోజులు చేస్తే పట్టిక దానంతట అదే గుర్తుంటుంది.

పరమాణు ద్రవ్యరాశి ఎక్కువున్న ఆర్గాన్ పొటాషియం కంటే ముందు ఎందుకుంది?

ఇప్పటి పట్టిక పరమాణు సంఖ్య వరసలో ఉంటుంది. ఆర్గాన్ 18, పొటాషియం 19. ద్రవ్యరాశులు 39.95, 39.10 కావడం ఆ వరసను మార్చదు. 1913లో మోస్లే ఎక్స్‌రేలతో చేసిన ప్రయోగాలు పరమాణు సంఖ్యే అసలు ఆధారమని చూపాయి.

4ఎస్ ముందు నిండుతుంది. మరి ఎలక్ట్రాన్ పోయేటప్పుడు కూడా 4ఎస్ నుంచే ఎందుకు పోతుంది? చివర వచ్చింది కదా ముందు పోవాలి?

4ఎస్, 3డి అనేవి పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే చోట్ల (ఆర్బిటాళ్ల) పేర్లు. నిండే వరసకూ ఖాళీ అయ్యే వరసకూ ముడి పెట్టకండి. పొటాషియం, కాల్షియం దగ్గర 4ఎస్ శక్తి 3డి కంటే తక్కువ, అందుకే ముందు నిండుతుంది. 3డిలోకి ఎలక్ట్రాన్లు రావడం మొదలయ్యాక పరిస్థితి మారుతుంది. కేంద్రకం ఆవేశం పెరిగి లోపలున్న 3డిని గట్టిగా పట్టుకుంటుంది. 4ఎస్ బయటి వాకిట్లో ఉన్నట్టు మిగిలిపోతుంది. అయాన్ అయ్యేటప్పుడు బయటి కర్పరం నుంచే ఎలక్ట్రాన్ పోతుంది. ఇనుము విన్యాసం 3డి⁶ 4ఎస్². +2 అయాన్ 3డి⁶, +3 అయాన్ 3డి⁵. పరీక్షలో +2 అయాన్‌కు 3డి⁴ 4ఎస్² అని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి అయనీకరణ శక్తి పెరగాలి కదా. నైట్రోజన్ కంటే ఆక్సిజన్‌కు ఎందుకు తక్కువ?

అయనీకరణ శక్తి అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావాల్సిన శక్తి. నైట్రోజన్‌లో మూడు 2పి ఆర్బిటాళ్లలో ఒక్కొక్కటి చొప్పున ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆక్సిజన్‌లో నాలుగో ఎలక్ట్రాన్ వచ్చి ఒక ఆర్బిటాల్‌లో జత కట్టాలి. ఒకే చోట ఉన్న రెండు రుణావేశాలు వికర్షించుకుంటాయి కాబట్టి దాన్ని బయటికి లాగడం తేలిక. విలువలు మోల్‌కు సుమారు 1402, 1314 కిలోజౌళ్లు. బెరీలియం, బోరాన్ దగ్గర కూడా వరస తప్పుతుంది గానీ కారణం వేరు. అక్కడ బోరాన్ ఎలక్ట్రాన్ 2ఎస్ నుంచి కాక 2పి నుంచి పోతుంది.

## బంధాల దగ్గర

ఉప్పులో అయాన్లు ఉన్నాయంటారు. మరి ఉప్పు గడ్డలో కరెంటు ఎందుకు పోదు?

అయాన్లు ఉన్నాయి గానీ కదలలేవు. కరెంటు పోవాలంటే ఆవేశం ఒకచోటి నుంచి మరోచోటికి నడవాలి. ఉప్పు గడ్డలో సోడియం, క్లోరైడ్ అయాన్లు వాటి వాటి చోట బిగుసుకుని ఉంటాయి. నీళ్లలో కరిగించినా, 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా మార్చినా అవి విడివడి తిరుగుతాయి, అప్పుడు కరెంటు పోతుంది. జవాబులో ‘అయాన్లు ఉండటం వల్ల’ అని ఆపేయకండి. ‘స్వేచ్ఛగా కదిలే అయాన్లు’ అని రాయాలి. ఆ ఒక్క మాటకే మార్కు.

నీటి అణువుకు ధ్రువాలు ఉన్నాయి, కార్బన్ డయాక్సైడ్‌కు లేవు. రెండింటిలోనూ ఆక్సిజన్ ఉంది కదా?

ఆకారం చూడండి. కార్బన్ డయాక్సైడ్ సరళరేఖలో ఉంటుంది. రెండు ఆక్సిజన్లు రెండు వైపులా సమానంగా లాగడం వల్ల లాగుడు రద్దయిపోతుంది. బతుకమ్మ రోజుల్లో తాడులాట ఆడితే రెండు జట్లూ సమానమైనప్పుడు తాడు కదలదు కదా, అలాగన్నమాట. నీటి అణువు మాత్రం 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. రెండు బంధాల లాగుడూ ఒకేవైపు కలుస్తుంది. బంధానికి ధ్రువత్వం ఉండటం వేరు, అణువుకు ఉండటం వేరు.

మంచు నీళ్ల మీద ఎందుకు తేలుతుంది?

మంచుగా మారేటప్పుడు హైడ్రోజన్ బంధాలు అణువులను కొంచెం దూరంగా, ఖాళీలున్న అల్లికలో నిలబెడతాయి. చోటు పెరిగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.917 గ్రాములకు తగ్గుతుంది.

## మోల్ దగ్గర

మోల్ అంటే అసలు ఏంటి? నిర్వచనం వచ్చు, అర్థం కాలేదు.

లెక్కపెట్టలేని వాటిని తూచి లెక్కపెట్టే పద్ధతి అది. వడ్లు ఎవరూ గింజ గింజ ఏరి లెక్కపెట్టరు. కానీ వ్యవసాయ శాస్త్రవేత్తలు ‘వెయ్యి గింజల బరువు’ అనే కొలత వాడతారు. సన్న వడ్లకు అది తక్కువ, దొడ్డు వడ్లకు ఎక్కువ. గింజల సంఖ్య వెయ్యే, బరువు మారింది. ఆ బరువు తెలిస్తే బస్తాను తూచి అందులో గింజలెన్నో చెప్పేయవచ్చు.

మోల్ కూడా అంతే. వెయ్యి బదులు 6.022 × 10²³. అన్ని నీటి అణువుల బరువు 18 గ్రాములు, అన్ని కార్బన్ పరమాణువుల బరువు 12 గ్రాములు, అంత ఉప్పు 58.5 గ్రాములు, అంత చక్కెర 342 గ్రాములు. 18 గ్రాముల నీళ్లంటే మూడున్నర టీ చెంచాలు. అరచేతిలో పోసుకుని చూడండి, మోల్ అంటే భయం పోతుంది. మా బ్యాచ్‌లో మొదటి రోజు నేను చేయించే పని అదే.

ఒకప్పుడు మోల్‌ను 12 గ్రాముల కార్బన్-12లో ఉన్న పరమాణువుల సంఖ్యతో నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యనే సూటిగా 6.02214076 × 10²³ అని స్థిరపరిచారు. పాత పుస్తకంలో పాత నిర్వచనం కనబడితే కంగారు పడకండి, మీ లెక్కలేవీ మారవు.

వాయువు మోలార్ ఘనపరిమాణం ఒక పుస్తకంలో 22.4 లీటర్లు, ఇంకో దాంట్లో 22.7. ఏది రాయాలి?

రెండూ సరైనవే, పీడనం వేరు. 273.15 కెల్విన్ దగ్గర పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే 22.4 లీటర్లు, 1 బార్ అయితే 22.7 లీటర్లు. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) పీడనాన్ని 1 బార్‌గా తీసుకోవాలని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపీఏసీ 1982లో సూచించింది, పాత అలవాటు ఇంకా పోలేదు. ప్రశ్నలో పీడనం ఇచ్చారేమో మొదట చూడండి. ఇవ్వకపోతే ఆప్షన్లు చూడండి. సాధారణంగా ఏదో ఒక విలువతో వచ్చే జవాబే అక్కడ ఉంటుంది.

లిమిటింగ్ రియేజెంట్ అంటే తక్కువ గ్రాములున్నది అనుకోవచ్చా?

అనుకోకూడదు. చర్యలో ముందుగా అయిపోయి, ఉత్పన్నం ఎంత వస్తుందో తేల్చేదే లిమిటింగ్ రియేజెంట్. దోసెల పిండికి మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు అనుకుందాం. ఇంట్లో తొమ్మిది గ్లాసుల బియ్యం, రెండు గ్లాసుల పప్పు ఉన్నాయి. పప్పు అయిపోయేసరికి ఆరు గ్లాసుల బియ్యమే వాడతాం, మూడు మిగులుతాయి. పిండి ఎంత వస్తుందో తేల్చింది పప్పు.

ఇప్పుడు 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు అవుతున్నాయి. గ్రాములు చూస్తే హైడ్రోజన్ తక్కువ. మోల్‌లలోకి మార్చండి. హైడ్రోజన్ 2 మోల్‌లు, ఆక్సిజన్ 0.5 మోల్. ఒక ఆక్సిజన్‌కు రెండు హైడ్రోజన్లు కావాలి కాబట్టి 0.5 మోల్ ఆక్సిజన్‌కు 1 మోల్ హైడ్రోజన్ చాలు. ముందు అయిపోయేది ఆక్సిజన్. వచ్చే నీరు 18 గ్రాములు, మిగిలే హైడ్రోజన్ 2 గ్రాములు. మొత్తం 20 గ్రాములు, మొదట తీసుకున్నదీ 20 గ్రాములే. ఇలా కూడి చూసుకోవడం అలవాటు చేసుకుంటే తప్పు జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది.

మొలారిటీ, మొలాలిటీ ఎప్పుడూ తారుమారవుతాయి.

కరిగిన పదార్థం మోల్‌లను మొలారిటీ ఒక లీటరు ద్రావణానికి, మొలాలిటీ ఒక కిలో ద్రావణికి (కరిగించే ద్రవానికి) చెబుతుంది. మే నెల ఎండకు ద్రావణం వ్యాకోచిస్తే లీటర్లు మారతాయి, కిలోలు మారవు. అందుకే ఉష్ణోగ్రతతో మారేది మొలారిటీ.

## ఆమ్లాలు, క్షారాలు, ఇంటి చుట్టూ ఉన్న రసాయనాలు

పీహెచ్ 5 నుంచి 3కి తగ్గితే ఆమ్ల గుణం రెండింతలు పెరిగినట్టేనా?

వంద రెట్లు పెరిగినట్టు. 1909లో సోరెన్‌సన్ పెట్టిన ఈ కొలతలో ఒక్కో మెట్టుకు హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుంది. రెండు మెట్లు దిగితే పది పదులు. మన రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉండాలి. అంకె చూస్తే చిన్న తేడా, అయినా శరీరం దాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటుందో చూడండి.

10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 వచ్చింది. తప్పెక్కడ?

ఆమ్లాన్ని ఎంత పలచన చేసినా అది క్షారం కాదు. ఆ అంకె కనబడగానే అనుమానం రావాలి. నీరు తనంతట తానే 25 డిగ్రీల దగ్గర 10⁻⁷ మోలార్ హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది. ఆమ్లం ఇచ్చింది దానికంటే పదో వంతు. నీటి వాటాను లెక్కలోకి తీసుకుంటే పీహెచ్ 6.98 వస్తుంది. ఆమ్లం గాఢత 10⁻⁶ కంటే తక్కువైతే నీటిని మరిచిపోవద్దు.

బాత్రూమ్ కడిగే యాసిడ్ తాండూరు బండ మీద పడితే బుసబుసా పొంగింది. గ్రానైట్ మీద ఏమీ కాలేదు. ఎందుకు?

తాండూరు బండ సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బోనేట్. ఆమ్లం పడితే కాల్షియం లవణం, నీరు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్‌దే. బండ నునుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది, నిమ్మరసం పడినా కొంత అంతే. హైదరాబాద్ గుట్టల నిండా ఉన్న గ్రానైట్ క్వార్ట్‌జ్, సిలికేట్లతో ఏర్పడింది. వాటి మీద ఈ ఆమ్లం పని చేయదు.

కాల్షియం కార్బోనేట్ మన ఊళ్లో ఎన్ని వేషాల్లో ఉందో చూడండి. పత్తర్‌గట్టిలో అమ్మే ముత్యం చాలావరకు అదే. 1591 నాటి చార్మినార్ మీది సున్నపు పూత కూడా గట్టిపడి అదే అయింది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే వేడెక్కి తడిసున్నం అవుతుంది. గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బోనేట్‌గా మారుతుంది. కాల్షియం ఆక్సైడ్, హైడ్రాక్సైడ్, కార్బోనేట్‌ల సమీకరణాలు మూడూ ఈ కథలో వరసగా వచ్చేస్తాయి. విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు.

రాగి చెంబును చింతపండుతో తోమితే చిలుము పోతుంది. అది రెడాక్స్ చర్యేనా?

కాదు. రెడాక్స్ అంటే ఆక్సీకరణం, క్షయకరణం కలిసి జరిగే చర్య. చాలామంది దీన్ని రెడాక్స్ అని గుర్తు పెట్టేస్తారు. చెంబు మీద నల్లబడింది రాగి ఆక్సైడ్. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ఆక్సైడ్, ఆమ్లం కలిసి లవణం, నీరు అవుతాయి. ఆక్సైడ్‌లో రాగి ఆక్సీకరణ సంఖ్య +2, లవణంలోనూ +2. సంఖ్య మారలేదు కాబట్టి ఇది ఆమ్ల క్షార చర్య. చెంబు మొదట నల్లబడటం మాత్రం ఆక్సీకరణమే.

బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు. మరగబెడితే వస్తుందా?

కాఠిన్యం ఏ రకమో బట్టి ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు ఉంటే అది తాత్కాలిక కాఠిన్యం. మరగబెడితే అవి అవక్షేపంగా దిగిపోతాయి. గిన్నె అడుగున, నల్లాల మీద కట్టే తెల్లటి గార అదే. ఆ లోహాల క్లోరైడ్లు, సల్ఫేట్లు ఉంటే శాశ్వత కాఠిన్యం. ఎంత మరిగించినా పోదు, చాకలి సోడా వేయాలి. బోరు నీళ్లలో తరచుగా రెండూ ఉంటాయి కాబట్టి మరగబెడితే కొంత మేలే తప్ప పూర్తిగా పోదు.

## సమతాస్థితి, కర్బన రసాయనం

లీ షాట్లియర్ సూత్రం చదివితే అర్థమైనట్టే ఉంటుంది, లెక్కలో ఎటు జరుగుతుందో చెప్పలేను.

సమతాస్థితిలో ఉన్నదానికి ఏ మార్పు తెచ్చినా అది ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందన్నదే ఆ సూత్రం. గోలీ సోడా గుర్తు తెచ్చుకోండి. మూసిన సీసాలో నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌కూ పైనున్న వాయువుకూ మధ్య సమతాస్థితి ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే పీడనం పడిపోతుంది. వ్యవస్థ ఆ నష్టాన్ని పూడ్చుకోవాలని చూస్తుంది, అంటే వాయువు ఎక్కువయ్యే వైపు జరుగుతుంది. బుడగలు అవే.

లెక్కలో పీడనం పెంచితే వాయు మోల్‌లు తక్కువున్న వైపు, తగ్గిస్తే ఎక్కువున్న వైపు జరుగుతుంది. అమోనియా తయారీలో ఎడమవైపు నాలుగు మోల్‌లు, కుడివైపు రెండు. అందుకే హేబర్ పద్ధతిలో 200 అట్మాస్ఫియర్ల వరకు పీడనం వాడతారు. వేడి విషయంలో, ఉష్ణమోచక చర్యకు, అంటే వేడిని విడుదల చేసే చర్యకు, ఉష్ణోగ్రత తగ్గిస్తే మేలు. కానీ మరీ తగ్గిస్తే చర్య నత్తనడక అవుతుంది కాబట్టి 450 డిగ్రీల దగ్గర రాజీపడతారు. రెండు వైపులా వాయు మోల్‌లు సమానమైతే పీడనం ప్రభావం లేదు. సూత్రం తెలిసినవాళ్లు కూడా జారిపడేది అక్కడే.

ఉత్ప్రేరకం వేస్తే ఉత్పన్నం ఎక్కువ వస్తుందా?

రాదు. ముందుకు వెళ్లే చర్యనూ వెనక్కి వచ్చే చర్యనూ ఒకేలా వేగం చేస్తుంది. సమతాస్థితి త్వరగా వస్తుంది, దాని స్థానం మారదు.

కర్బన రసాయనంలో రియాక్షన్లు ఎన్నిసార్లు చదివినా గుర్తుండవు. చిట్కా ఏమైనా ఉందా?

రియాక్షన్‌ను జాబితాగా చదివితే ఎవరికీ గుర్తుండదు. ప్రతి రియాక్షన్ పక్కన రెండు ప్రశ్నలు రాయండి: ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్నచోటు ఏది? ఎలక్ట్రాన్ల కొరత ఉన్నచోటు ఏది? బాణం మొదటిచోటి నుంచి రెండోచోటికి గీయండి. ఆల్కహాల్, ఆల్డిహైడ్, కీటోన్, కార్బాక్సిలిక్ ఆమ్లాలను ఒక పెద్ద కాగితం మీద స్టేషన్లలా పెట్టి, మధ్యలో మెట్రో లైన్లలా కారకాలు రాసుకోండి. నాగోల్ నుంచి రాయదుర్గం దారి ఎవరూ బట్టీ పట్టరు, పదిసార్లు తిరిగితే వచ్చేస్తుంది.

ఐసోమర్ల (ఫార్ములా ఒకటే అయినా పరమాణువుల అమరిక వేరైన అణువుల) సంఖ్య మాత్రం గుర్తుంచుకోండి. బ్యూటేన్‌కు 2, పెంటేన్‌కు 3, హెక్సేన్‌కు 5. గీసి చూసుకుంటూ పోతే తిప్పి గీసినదాన్నే కొత్తదనుకుని ఎక్కువ లెక్కపెడతారు. పేరు పెట్టి చూడండి, పేరు ఒకటే అయితే అణువు ఒకటే.

## లాబ్‌లో

నీటి మరుగు స్థానం 100 డిగ్రీలంటారు. మా లాబ్‌లో 98 వచ్చింది. 100 అని దిద్దేయాలా?

వద్దు, దయచేసి దిద్దొద్దు. మీ థర్మామీటర్ నిజమే చెప్పింది. 100 డిగ్రీలు అనేది 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గర. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం కాస్త తక్కువ కాబట్టి నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. రికార్డులో చూసింది చూసినట్టు రాసి, పక్కన కారణం ఒక్క వాక్యం రాయండి.

ఆమ్లంలో నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఎందుకంత భయపెడతారు?

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటితో కలిసేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. ఆమ్లం మీద నీళ్లు పోస్తే, తేలికైన నీరు పైన తేలి, అక్కడికక్కడే మరిగి, ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. ఎక్కువ నీళ్లలో కొంచెం కొంచెంగా ఆమ్లం పోసి కలుపుతూ ఉండాలి. నేను డిగ్రీ చదివేటప్పుడు పక్క టేబుల్ అమ్మాయి చేయి కాలడం కళ్లారా చూశాను. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా ముట్టుకోకండి.

సున్నపు తేట పాలలా మారింది, ఇంకాసేపు వాయువు పంపితే మళ్లీ తేటగా అయింది. నా ప్రయోగం చెడిందా?

చెడలేదు. మొదట కరగని కాల్షియం కార్బోనేట్ ఏర్పడి తెల్లబడింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువయ్యాక అది కరిగే బైకార్బనేట్‌గా మారింది. వైవాలో ఈ రెండో ముక్క చెప్పినవాళ్లకు మంచి మార్కులు పడతాయి.

## పరీక్ష దగ్గరపడ్డాక

కాలిక్యులేటర్ లేకుండా పీహెచ్ లెక్కలు ఎలా?

నాలుగు లాగరిథమ్‌లు చాలు. 2కు 0.3010, 3కు 0.4771, 5కు 0.6990, 7కు 0.8451. 6 కావాలంటే 2ది, 3ది కూడండి. గాఢత 2 × 10⁻³ అయితే 3 లోంచి 0.3 తీసేయండి, పీహెచ్ 2.7.

తెలియని ప్రశ్నకు గుడ్డిగా పెట్టొచ్చా?

ఏ పరీక్షో బట్టి ఉంటుంది. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నల్లో 40 కెమిస్ట్రీవి, తప్పుకు కోత లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. జేఈఈ మెయిన్, నీట్‌లలో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. అక్కడ కనీసం రెండు ఆప్షన్లు తప్పని తేల్చగలిగితేనే పెట్టండి.

మా అబ్బాయి టెన్త్‌లో సైన్స్ బాగా చేశాడు. ఇంటర్‌కు వచ్చాక కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. రోజుకు ఇంకెన్ని గంటలు కూర్చోబెట్టాలి?

గంటలు పెంచకండి అమ్మా. టెన్త్‌లో ఒక ఏడాది నడిచిన విషయం ఇంటర్ మొదటి నెలలోనే దాటిపోతుంది. మోల్, ఎలక్ట్రాన్ విన్యాసం, ఆక్సీకరణ సంఖ్య అనే మూడింటిలో ఏదో ఒకటి జారి ఉంటుంది. దాని మీద కట్టిన ప్రతి పాఠం అందుకే ఊగుతోంది. ఆ మూడింటి మీద పదేసి చిన్న లెక్కలు ఇచ్చి, ఎక్కడ ఆగిపోయాడో చూడండి. దొరికితే ఒక వారం అదొక్కటే చేయించండి, మిగతా సిలబస్ ఆగినా ఫర్వాలేదు. ర్యాంకు గురించి ఇంట్లో ఆ వారం మాట్లాడకండి. ఏడుస్తున్న పిల్లాడు బద్ధకస్తుడు కాడు, తనకు అర్థం కావట్లేదని బాధపడుతున్నాడు.

రేపే పరీక్ష. ఈ రాత్రి ఏం చదవాలి?

కొత్త పాఠం తెరవొద్దు. మీరే రాసుకున్న తప్పుల పేజీ, సూత్రాల పక్కన యూనిట్లు, పట్టికలో వరస తప్పే నాలుగైదు చోట్లు, ఇంతే. గంటన్నర చాలు. రెండు పెన్నులు, హాల్‌టికెట్ సంచిలో పెట్టుకుని పదిన్నరకల్లా పడుకోండి. డౌట్ వస్తే ఫోన్ చేయండి, నేను మేలుకునే ఉంటాను.